రాత అరబ్బీది, మాట ఫారసీది

కువైట్ నుంచి తిరిగొచ్చి ఆరేళ్లు దాటింది. ఈ ఆరేళ్లలో మా గుడియాత్తం వీధిలో కుడి నుంచి ఎడమకి రాసి ఉన్న కాగితం ఏది దొరికినా నా గడప దాకా వచ్చింది. ఖర్జూరం డబ్బా మీది చీటీ, అత్తరు సీసా మీది రాత, ఎవరి మెడలోంచో జారిపడిన తాయెత్తు. ఒకసారి ఎదురింటాయన పేర్ణాంబట్టు స్నేహితుడి ఇంటి పెళ్లిపత్రిక పట్టుకొచ్చాడు. అది ఉర్దూ. నాకు ఉర్దూ రాదని చెప్పాను.

"ఏమ్మా, పదకొండేండ్లు అరబ్బు దేశంలో ఉండి వచ్చినావు. ఇది చదవలేవా?"

"చదవతానప్పా. అర్థం కాదు."

"చదివితే అర్థం కాకుండా ఎట్ల పోతాది?"

నేను బెట్టు చేస్తున్నానని అనుకుని వెళ్లిపోయాడు. వారం దాకా ముఖం తిప్పుకునే తిరిగాడు.

ఈ సంగతి జనానికి ఎలా చెప్పాలో ఆలోచించి చివరికి మా అమ్మను ఉదాహరణగా పెట్టుకున్నాను. మాది తెలుగు ఇల్లు, కానీ అమ్మ చదువుకున్నది తమిళ బడిలో. ఆమెకు తెలుగు అక్షరాలు రావు. నేను కువైట్‌లో ఉన్నప్పుడు ఆమె రాసిన జాబులన్నీ తమిళ అక్షరాల్లో రాసిన తెలుగే. నేను పదో తరగతి దాకా చిత్తూరు పక్క మేనమామ ఇంట్లో ఉండి చదివాను కాబట్టి నాకు తెలుగు రాత వచ్చు. అమ్మ జాబు చదవాలంటే మాత్రం తమిళ అక్షరాలు చూసి, పైకి చదివి, చెవితో తెలుగు వినాలి. తమిళంలో క, గ రెండింటికీ ఒకటే అక్షరం. "గుడి పక్కన స్థలం చూసినాము" అని అమ్మ రాస్తే, నేను "కుడి పక్కన స్థలం" అని చదువుకుని, దేనికి కుడి పక్కన అని ఒక నెలంతా తలబద్దలు కొట్టుకున్నాను.

"మా అమ్మ జాబు తమిళమా, తెలుగా?" అని అడిగేదాన్ని. అక్షరం తమిళం, మాట తెలుగు అని అందరూ సరిగ్గానే చెప్పేవాళ్లు. "అట్లనే అక్షరం అరబ్బీదైనా మాట ఉర్దూది కావచ్చు, ఫారసీది కావచ్చు" అనేదాన్ని. తల ఊపేవాళ్లు. ఆ తర్వాత, "సరేమ్మా, ఇప్పుడు ఈ డబ్బాలో ఏం రాసుండాదో చెప్పు" అనేవాళ్లు.

నిజానికి నా అరబ్బీ కూడా గొప్పదేమీ కాదు. కువైట్‌లో ఒక ముసలావిడను చూసుకునే పని నాది. మాట వంటింట్లో నేర్చుకున్నాను. అక్షరాలు ఆ ఇంటి మనవరాలి ఒకటో తరగతి పుస్తకంలో నేర్చుకున్నాను. అది చదువు మీద ఆశతో కాదు. ముసలావిడకు పొద్దున వేసే మందు, సాయంత్రం వేసే మందు ఒకే రంగు సీసాల్లో ఉండేవి. తారుమారు చేస్తే నా గతేమిటని భయపడి నేర్చుకున్నాను. అందుకే నాకు బాగా వచ్చినవి వంట మాటలు, మందుల మాటలు, తిట్లు.

ఇక అసలు సంగతి. ఆ రోజు పొద్దున పది గంటలకు మా పెద్దమ్మ కొడుకు ఫోన్ చేశాడు. ఆయన వేలూరులో ఆస్పత్రికి దగ్గరలో ఒక లాడ్జిలో మేనేజరు. ఊరూరి నుంచి వచ్చే రోగులు, వాళ్ల మనుషులు అక్కడ దిగుతారు.

"అమ్మా, మీ అరబ్బోళ్లు వచ్చినారు. ఇద్దరు ముసలోళ్లు, అక్కచెల్లెళ్లు. కొంచెం సీక్రం రా."

"నాకు అరబ్బోళ్లు చుట్టాలు కాదన్నా. ఏమైంది?"

"పెద్దామె మందు తాగేదిల్లే అంటాండాది. నిన్న టెస్టు తప్పిపోయినాది. రేపటికి మళ్లా రాసిచ్చినారు. ఈ దినం కూడా తాగకపోతే నా తల తింటారు."

"ఏం మందు?"

"డాక్టరు మందే మా. నువ్వు వేరే అనుకోవద్దు."

ఇంట్లో మినప్పిండి రుబ్బుతూ ఉన్నాను. గ్రైండరు అమ్మకు అప్పగించి బస్సెక్కాను. దారి పొడుగునా నాలో నేను అరబ్బీ మాటలు తిప్పుకున్నాను. ఆరేళ్లుగా వాడని మాటలు పప్పు డబ్బాలో అడుగున చేరిన గింజల్లా అయ్యాయి. ఎన్నని గీకను?

లాడ్జి రెండో అంతస్తు గదిలో ఇద్దరూ మంచాల మీద ఎదురెదురుగా కూర్చుని ఉన్నారు. పెద్దామెకు డెబ్బై ఉంటాయి. లావుగా, తెల్లగా, అలసిపోయి ఉంది. చెల్లెలు సన్నగా, నిటారుగా, కళ్లజోడు మీదుగా చూస్తూ ఉంది. ఆమె చూపు చూడగానే బడిపంతులమ్మ అనుకున్నాను. నా ఊహ నిజమేనని తర్వాత తెలిసింది. ముప్పై ఏళ్లు ఒకటో తరగతి పిల్లలకు అక్షరాలు దిద్దించి రిటైరైన మనిషి.

నేను సలాం చెప్పి, కువైట్ పద్ధతిలో "షలోనిచ్" అని కుశలం అడిగాను. సలాంకు సలాం వచ్చింది. కుశలానికి మాత్రం జవాబు రాలేదు. టీచరమ్మ ఏదో గబగబా మాట్లాడింది. మెత్తగా, పాటలా ఉంది. అందులో ఒక్క మాటా నాకు అందలేదు.

అన్న గుమ్మంలో చేతులు కట్టుకుని, గండం గట్టెక్కిన మనిషిలా నవ్వుతున్నాడు.

"అన్నా, వీళ్లు అరబ్బోళ్లు కాదు."

"ఏమ్మా అట్లంటావు? ఆ రాతలే కదా రాస్తాండారు."

టీచరమ్మ తన గుండె మీద వేలు పెట్టుకుని, "ఫారసీ, ఫారసీ" అంది. ఇరాన్ నుంచి వచ్చారు. రెండు రోజులుగా ఆమె ఈ ఒక్క మాటే చెబుతూ ఉందట. అన్న అది ఆమె పేరనుకున్నాడు. గది లెక్కల పుస్తకంలో కూడా అలాగే రాసుకున్నాడు.

నాకు అప్పుడే తిరిగి బస్సెక్కాలనిపించింది. కానీ టీచరమ్మ చేతిసంచిలోంచి ఒక కాగితం తీసి నా చేతిలో పెట్టింది. అక్క జబ్బు వివరాలు తన భాషలో రాసి తెచ్చుకుంది. నేను అలవాటు కొద్దీ పైకి చదవడం మొదలుపెట్టాను. అరబ్బీ రాతలోనూ ఫారసీ రాతలోనూ ఒకటే చిక్కు. హల్లులు మాత్రమే రాస్తారు. అ, ఇ, ఉ లాంటి పొట్టి అచ్చులు చదివేవాళ్లు తెలుసుకుని వేసుకోవాలి. గుణింతాలు చెరిపేసిన తెలుగు పుస్తకంలా ఉంటుంది. తెలిసిన భాషైతే కన్ను దానంతటదే పూరించుకుంటుంది. తెలియని భాషైతే ఊహించుకోవాలి. నేను ఊహించుకుంటూ ఒక వరుస చదివాను.

అది చాలు. ఇద్దరి ముఖాలూ వెలిగిపోయాయి. పెద్దామె మంచం మీద నుంచి లేచి నా చెయ్యి పట్టుకుని తన బాధంతా చెప్పడం మొదలుపెట్టింది. కడుపు చూపించింది, నడుము చూపించింది, కళ్లు తుడుచుకుంది. నేను ఆమెను ఆపలేకపోయాను. ఆమె ముగించి జవాబు కోసం చూస్తే, నేను తల అడ్డంగా ఊపాను. ఆ ముఖం అలా వాడిపోవడం చూడలేక, చదవకుండా ఉంటే ఎంత బాగుండేదని నన్ను నేను తిట్టుకున్నాను. ఎదురింటాయన అడిగిన ప్రశ్నే వీళ్లకూ వచ్చి ఉంటుంది. చదివితే అర్థం కాకుండా ఎలా పోతుంది?

పెద్దామె విసుగ్గా దుప్పటి లాగి నా ముందు పెట్టి, "కసీఫ్, కసీఫ్" అంది.

ఈ మాట నాకు తెలుసు. కువైట్‌లో దట్టంగా, మందంగా ఉన్నదాన్ని అలాగే అంటారు. హమ్మయ్య, ఒక మాట దొరికింది అనుకున్నాను.

"అన్నా, దుప్పటి మందంగా ఉండాదంట. పల్చటిది తెచ్చియ్యి."

"ఈ ఎండల్లో నిజమే కదా" అని అన్న వెళ్లి పల్చటి దుప్పటి తెచ్చాడు. పెద్దామె దాన్ని కూడా వేలికొసలతో పట్టుకుని చూసి, "కసీఫ్" అంటూ కింద పడేసింది. ఇంకా పల్చటిది తెచ్చాడు. దానికీ అదే మాట. మూడో దుప్పటి చినిగిపోయే దశలో ఉంది, వెలుతురు కూడా అడ్డుకోవడం లేదు.

"దీనికంటే పల్చన అంటే దోమతెరే మా" అన్నాడు అన్న.

అప్పుడు టీచరమ్మ లేచి, దుప్పటి మీద కూర మరక చూపించి, ముక్కు మూసుకుంది. ఫారసీలో కసీఫ్ అంటే మురికి. మాట అరబ్బీ నుంచే పోయింది. పోయిన చోట కాపురం పెట్టి వేరే అర్థం తెచ్చుకుంది. అన్న ముఖం ఎర్రబడింది. "ఇది ముందే చెప్పకూడదా?" అని నా మీద పడ్డాడు. ఉతికిన దుప్పటి రావడానికి అరగంట పట్టింది.

మధ్యాహ్నం రెండయింది. మందు నాలుగింటికి ఒక సీసా, ఆరింటికి ఒక సీసా తాగాలి. మర్నాడు పొద్దున పేగులోకి కెమెరా పంపించి చూసే పరీక్ష. ఆ నీళ్లు తాగి కడుపు శుభ్రం చేసుకుంటే తప్ప ఆ పరీక్ష చేయరు. ఈ వివరాలన్నీ ఆస్పత్రిలో ఇంగ్లీషులో రాసిచ్చారు. అన్న ఆ చీటీని వీధి చివర జిరాక్స్ కొట్టుకు తీసుకెళ్లి, ఫోనులో అరబ్బీ చేయించి, పెద్ద అక్షరాల్లో ప్రింటు తీయించి ఇద్దరి చేతుల్లో పెట్టాడు. మంచికే చేశాడు, కాదనను.

ఆ ప్రింటు తీసుకుని చదివాను. నాలుగింటికి శరాబు తాగాలి. ఆరింటికి శరాబు తాగాలి. అన్నం తినకూడదు, శరాబు మాత్రమే తాగాలి. బాగానే ఉంది కదా, దీంట్లో తాగనని మొండికేయడానికి ఏముంది అనుకున్నాను. కువైట్ మందుల సీసాల మీద పదకొండేళ్లు చూసిన మాట అది. దగ్గు మందు శరాబే, జ్వరం మందు శరాబే. అరబ్బీలో శరాబు అంటే తాగేది, అంతే.

సీసా తీసుకుని పెద్దామె పక్కన కూర్చున్నాను. పెద్దవాళ్లను బుజ్జగించే పని నాకు కొత్త కాదు. వీపు మీద చెయ్యి వేసి, తీయగా, "శరాబ్. జేన్. ఇశ్రబీ" అన్నాను. శరాబు, మంచిది, తాగు.

పెద్దామె నా చెయ్యి విదిలించింది. విదిలించి గోడ వైపు తిరిగి కూర్చుంది. టీచరమ్మ మధ్యలోకి వచ్చి, "నా, నా. హరామ్" అంది.

హరామ్ అనేది నాకు బాగా తెలిసిన మాట. కూడనిది. డాక్టరిచ్చిన మందు కూడనిదేమిటి? నాకు నసాళానికంటింది. మందులో పంది కొవ్వు ఉందని ఎవరైనా చెప్పారేమో అని అనుమానం వచ్చింది. సీసా తిప్పి ఇంగ్లీషు అక్షరాలన్నీ చదివాను. ఉప్పులు, నిమ్మ రుచి. మళ్లీ చెప్పాను, శరాబు మంచిదేనని, నేనూ మా ముసలావిడకు రోజూ రెండు పూటలా పోసేదాన్నని. పోసినట్టు చేత్తో చూపించాను కూడా. పెద్దామె చెవులు మూసుకుంది.

"ఏమంటాది?" అన్నాడు అన్న.

"మందు తాగేది తప్పంట."

"అది పొద్దున నేనే చెప్తిని కదా. నువ్వొచ్చి ఏం చేసినట్టు?"

"అయితే నువ్వే మాట్లాడుకో. నేను పోతా."

"కోపం చేసుకోవద్దు మా. ఆ ఫోన్లో అయినా అడుగు."

ఫోనులో కూడా అడిగాము. అన్న రెండు రోజులుగా టీచరమ్మ చేత అందులో రాయిస్తున్నాడు. ఆమె రాసేది ఫారసీ. అన్న పెట్టిన భాష అరబ్బీ. ఆ యంత్రం పాపం, అర్థమైన ముక్కలు ఏరుకుని ఏదో ఒకటి చెప్పేది. ఆమె రాసిన దానికి ఈసారి తెరమీద వచ్చింది ఇది: "పక్షి యొక్క పొట్ట నాకు లేదు." అన్న దాన్ని రెండుసార్లు చదివి, "కోడి గుండెకాయ ఏమైనా అడుగుతాండాదా?" అన్నాడు. అరబ్బీలో పక్షి పొట్ట అయిన మాటకు ఫారసీలో ఓపిక అని అర్థమని, నాకిక ఓపిక లేదు అని ఆమె రాసిందని చాలా రోజులకు గాని తెలియలేదు.

బెంగళూరులో చదువుకుంటున్న వాళ్ల మేనల్లుడే అన్న డ్యూటీలో లేనప్పుడు వీళ్లను ఇక్కడ దింపి, పరీక్షలకని తిరిగి వెళ్లాడట. అతని నంబరు అన్న దగ్గర ఉంది. చేస్తే ఫోన్ ఆపేసి ఉంది. పిల్లవాడి పరీక్షలు చెడగొట్టవద్దని పెద్దామె రాత్రి అతనితో ఏమీ చెప్పలేదట.

మూడున్నర అయింది. నేను నీరసపడి కుర్చీలో కూలబడ్డాను. టీచరమ్మ నన్ను చూసింది. ఒకటో తరగతిలో మొద్దు పిల్లను చూసే చూపు. తర్వాత జిరాక్స్ కొట్టు ప్రింటు వెనక్కి తిప్పి, పెన్ను తీసి, దాని మీద పెద్దగా "శరాబ్" అని రాసింది. పక్కనే ఒక బొమ్మ వేసింది. గుండ్రాలు, గుండ్రాలు, పైన ఒక ఆకు. ద్రాక్ష గుత్తి. దాని పక్కన ఒక గాజు గ్లాసు. ఆ గ్లాసు పట్టుకున్న మనిషి తూలుతున్నట్టు రెండు గీతలు. మొత్తాన్నీ అడ్డంగా కొట్టేసింది.

నేను తల పట్టుకున్నాను. నాకు తెలియని సంగతి కాదు. మా ఊళ్లో ఉర్దూ మాట్లాడేవాళ్లు వీధికొకరున్నారు. శరాబు అంటే వాళ్ల భాషలో ఏమిటో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఫారసీలోనూ అదే. మేము పెద్దామెకు రెండు రోజులుగా చెబుతున్నదేమిటంటే, అన్నం మానేసి, రోజుకు రెండుసార్లు సారా తాగమని. దానికి తోడు నేను పక్కన కూర్చుని, మా ముసలావిడకు నేనే పోసేదాన్నని చెప్పాను.

అన్నకు చెబితే, "అయితే నేను ఫోన్లో నీకు చెప్పినప్పుడు, డాక్టరు మందే మా అన్నాను కదా. మనకు కూడా మందంటే రెండూ కదా" అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

సీసా చూపించి, "దవా" అన్నాను. అంత చిన్న మాట. అరబ్బీలో దవా, ఫారసీలో దవా, ఉర్దూలో దవా. హైదరాబాదు పక్క తెలుగువాళ్లు కూడా ఆస్పత్రిని దవాఖానా అంటారు. ఆ మాట రాగానే అని ఉంటే నా ప్రాణం మిగిలేది. టీచరమ్మ "దవా? శర్బత్?" అని రెండుసార్లు అడిగి, మూత తీసి వాసన చూసి, నాలుక మీద ఒక చుక్క వేసుకుని, అక్క వైపు తిరిగింది.

పెద్దామె అంత తొందరగా లొంగలేదు. ఇద్దరూ చాలాసేపు వాదించుకున్నారు. ఆ వాదన ఏమిటో తర్వాత మేనల్లుడు చెప్పాడు. తమ పవిత్ర గ్రంథపు అరబ్బీలో శరాబంటే ఏదైనా పానీయమేనని, స్వర్గంలో కూడా ఉంటుందని చెల్లెలు చెప్పిందట. "అది స్వర్గం. ఇది లాడ్జి" అందట పెద్దామె.

ఈలోగా నేను వేళలు కాగితం మీద రాసిచ్చాను. నాలుగు, ఆరు. అరబ్బీ అంకెల్లోనే రాశాను. టీచరమ్మ రెండూ కొట్టేసి, పక్కన తన అంకెలు రాసి, నా చేత దిద్దించింది. సున్నా నుంచి తొమ్మిది దాకా తక్కినవన్నీ ఇంచుమించు ఒకటే. తేడా ఉన్నవి నాలుగు, ఐదు, ఆరు. వేళకు మాకు కావలసినవి అందులోనే రెండు. ఏం ఖర్మో. మందు వేళ దగ్గర పడుతుంటే యాభై ఏళ్ల ఆడదాన్ని నేను లాడ్జి గదిలో అంకెలు దిద్దుతూ కూర్చున్నాను.

నాలుగు దాటి పది నిమిషాలకు పెద్దామె ముక్కు మూసుకుని మొదటి సీసా తాగింది. గ్లాసు కింద పెట్టి నా వైపు ఒక చూపు చూసింది. క్షమించిన చూపు కాదు.

ఆరింటి సీసా తాగించేదాకా నన్ను కదలనివ్వలేదు. రెండు గంటలు ఏం చేస్తాం? పెద్దామె బాత్రూముకు తిరుగుతూ ఉంటే, టీచరమ్మ, నేను కాగితాల మీద మాట్లాడుకున్నాము. ఇరాన్ బళ్లలో అందరూ కొంత అరబ్బీ చదువుకోవాలట. ఆమెది పుస్తకం అరబ్బీ, నాది వంటింటి అరబ్బీ. నోటితో మాట్లాడితే ఒకరిది ఒకరికి అందదు. పైగా ఆమె నన్ను మగవాళ్లను పిలిచినట్టు పిలిచేది. అరబ్బీలో ఎదుటి మనిషి ఆడా మగా అన్నదాన్ని బట్టి "నువ్వు" మారుతుంది. ఫారసీలో ఆ గొడవే లేదు, వాడు అన్నా ఆమె అన్నా ఒకటే మాట. ఆ అలవాటు ప్రకారం ఆమె నాకు మీసాలు తగిలిస్తూ పోయింది. నేను దిద్దితే ఆమెకు కోపం. పంతులమ్మలను దిద్దకూడదు.

కానీ రాస్తే కొన్ని మాటలు కలిసేవి. రోగి అన్న మాట నేను పలికితే ఆమెకు తెలియలేదు, రాసి చూపిస్తే "మరీజ్" అని చప్పట్లు కొట్టింది. అరబ్బులకు గొంతులో, నాలుక చివర, పళ్ల మధ్య వేరువేరుగా పలికే అక్షరాలు నాలుగున్నాయి. ఫారసీ వాళ్లు ఆ నాలుగింటినీ జ లాగే పలుకుతారు, రాతలో మాత్రం దేని చోట దాన్ని వదలకుండా రాస్తారు. మన పిల్లలు శ, ష, స దగ్గర ఏడ్చినట్టు తన పిల్లలు ఆ నాలుగింటి దగ్గర ఏడ్చేవాళ్లని కళ్లు నలిపి చూపించింది. వాక్యం కూడా వాళ్లది మనలాంటిదే. క్రియ చివర వస్తుంది. అరబ్బీలో లాగా ముందే ఎగిరి కూర్చోదు. ఇంత దగ్గర భాషను ఇంత దూరం రాతలో ఎందుకు పెట్టుకున్నారో అని నాకు విసుగేసింది. మా అమ్మ జాబులు గుర్తొచ్చి ఊరుకున్నాను.

అయితే వాళ్లు మా అమ్మలా దొరికిన అక్షరాలతో సరిపెట్టుకోలేదు. అరబ్బీలో ప లేదు. కువైట్ ముసలావిడ పెప్సీని బెబ్సీ అనేది. గ, చ అక్కడి వాళ్లు నోటితో పలుకుతారు గాని బడి పుస్తకంలో వాటికి చోటు లేదు. మా ఊరి పేరు నా కాగితాల్లో ఒకచోట జ తో, ఒకచోట ఘ తో, ఒకచోట క తో రాశారు. మూడు ఊళ్ల మనిషినని ఆఫీసులో ఒకసారి నన్ను రోజంతా నిలబెట్టారు. ఫారసీ వాళ్లు పాత అక్షరాలకే చుక్కలూ గీతలూ అదనంగా చేర్చి ప, చ, గ లకూ, మనకు లేని ఇంకొక ధ్వనికీ మొత్తం నాలుగు తయారు చేసుకున్నారు. టీచరమ్మ నా ఊరి పేరు అడిగి, రెండుసార్లు పలికించుకుని, పైన గీత ఉన్న గ తో రాసి ఇచ్చింది. గుడియాత్తం. ఆ రాతలో మా ఊరి పేరు సరిగ్గా చూడడం అదే మొదటిసారి.

మర్నాడు పరీక్ష జరిగింది. నేను మళ్లీ బస్సెక్కి వెళ్లాను, ఈసారి అన్న ఫోనులో ముందు ఫారసీ పెట్టించి. చిన్న చిన్న మాటలకు అది బాగానే పనికొచ్చింది. పెద్దామె మాట్లాడితే మాత్రం ఆమె యాస దానికి అందలేదు, టీచరమ్మ రాసివ్వవలసి వచ్చింది. పేగులో ఒక చిన్న గడ్డ ఉంటే అక్కడికక్కడే తీసేశారు. పది రోజులకు వచ్చిన రిపోర్టులో భయపడాల్సినది ఏమీ లేదన్నారు. అప్పటికి మేనల్లుడు పరీక్షలు ముగించుకుని వచ్చాడు. చక్కని ఇంగ్లీషు, కాస్త హిందీ. జరిగినదంతా విని నేల మీద కూర్చుని నవ్వాడు. నాకు ఒళ్లు మండింది.

వాళ్లు బెంగళూరు బస్సెక్కే రోజు బస్టాండుకు వెళ్లాను. పెద్దామె ఆ శరాబు రోజు నుంచి నాతో నేరుగా మాట్లాడలేదు. బస్సు కదలబోయే ముందు కిటికీలోంచి చెయ్యి చాపి, నా చెయ్యి గట్టిగా పట్టుకుని ఒక మాట అంది. నేను టీచరమ్మను రాసివ్వమన్నాను. ఆమె నా అరచేతిలోనే రాసింది. బస్సు వెళ్లిపోయింది. చెమటకు చెరిగిపోయేలోగా ఫోనులో ఒక్కో అక్షరమే కొట్టి చూశాను. "నీ చేతికి నొప్పి రాకూడదు" అని వచ్చింది.

నా చేతికి నొప్పేమీ లేదే. మళ్లీ ఏదో తప్పు చదివానని దారంతా విసుక్కుంటూ ఇంటికొచ్చాను. మేనల్లుడికి మెసేజి పెడితే సాయంత్రానికి జవాబిచ్చాడు. మేలు చేసిన వాళ్లకు వాళ్ల దేశంలో అలాగే చెబుతారట.

అమ్మకు చదివి వినిపించాను. ఆమె ఇడ్లీ తట్లకు నూనె రాస్తూ ఉంది.

"మనం కడుపు చల్లగుండ అంటాము. వాళ్లు చెయ్యి అంటారు. దానికి అంత ఆలోచన ఏంటికి నాయనా?" అంది. "పిండి పులిసి పొంగతా ఉండాది. రా, ఇడ్లీ పోద్దువు."